నర్సక్క ఫైటింగ్

ఆమె పోయిన సంగతి నాకు మూడు వారాలు ఆలస్యంగా తెలిసింది. కాజీపేట స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని ఉంటే, జుట్టు నెరిసిన ఒకాయన వచ్చి నా ముఖంలోకి వంగి చూశాడు.

"నువ్వు టైపు చెల్లెవు గదా?" అన్నాడు.

ముప్పై ఏళ్ళు దాటింది ఆ పేరుతో నన్నెవరూ పిలవక. అలా పిలిచేవాళ్ళు లోకం మొత్తం మీద పదిమంది ఉండేవారేమో. ఆ పదిమందీ వరంగల్ స్టేషన్ రోడ్డులోని ఒక వీడియో గేమ్ దుకాణంలోనే ఉండేవారు. ఈయన ఆ దుకాణానికి ఛాంపియన్. అప్పట్లో పాలిటెక్నిక్ చదివేవాడు. మనిషి లావయ్యాడు గానీ, మాట్లాడేటప్పుడు ఒక కనుబొమ్మ పైకెత్తడం మాత్రం అలాగే ఉంది.

"నర్సక్క పోయింది. తెలుసా?"

తెలియదన్నాను.

"ఆఖరికి గూడ గట్లనే ఉండె. సూది గుచ్చే పిల్ల కొత్తదట. చెయ్యి వణుకుతాంటె, 'నా మొఖం ఏం జూస్తవే, నరం జూడు' అని మందలిచ్చిందట."

ఇద్దరం గట్టిగా నవ్వాం. చావు కబురు చెప్పుకొని అలా నవ్వుతున్నందుకు పక్క బెంచీ వాళ్ళు వింతగా చూశారు. ఇంతలో ఆయన ఎక్కాల్సిన బండి వచ్చింది. నా బండికి ఇంకా గంట ఉంది. ఆ గంటా ఆమెతోనే గడిచింది.

ఆమె పేరు రాయను. పేరుతో పిలిచినవాళ్ళు నాకైతే కనబడలేదు. దవాఖానలో సిస్టర్, ఇంట్లో చెల్లె, రైల్లో అక్క, గేమ్ దుకాణంలో నర్సక్క. అన్నిటికీ ఒకే గొంతుతో పలికేది.

ఎనభైల చివరి మాట ఇది. నాకు పంతొమ్మిదేళ్ళు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ ప్యాసింజరులో వరంగల్ వచ్చి టైపు నేర్చుకునేదాన్ని. ఆమెదీ మా ఊరే. ముప్పై ఆరో, ముప్పై ఏడో ఉంటాయి. భర్త ఇంకొకామెను తెచ్చుకుంటే, ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండనని పెట్టె తీసుకొని అన్న ఇంటికి వచ్చేసిందని మా ఊళ్ళో అందరూ చెప్పుకునేవారు. పెద్ద దవాఖానలో నర్సు ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటికి ఎక్కితే రెండింటికి డ్యూటీ దిగేది. మా ఇద్దరికీ తిరుగు బండి ఐదు తర్వాతే. అందుకని ఆమెకు రోజూ మూడు గంటలు ఖాళీ. ఆ మూడు గంటలూ స్టేషన్‌లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో కూర్చుని కునుకు తీస్తుందనే నేను అనుకునేదాన్ని. ఊళ్ళో వాళ్ళూ అలాగే అనుకునేవారు.

మా టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద. కింద ఒకప్పుడు బట్టల కొట్టు. సేటు కొడుకు దాన్ని ఎత్తేసి వీడియో గేములు పెట్టాడు. నాలుగైదు మిషన్లు. అందులో ఒకటే ఫైటింగ్ గేమ్. దాని చుట్టూ ఎప్పుడూ గుంపే. మేము మెట్లెక్కుతుంటే లోపలి నుంచి "కొట్టు! తన్ను!" అని అరుపులు వినిపించేవి. ఆడపిల్లలం తల వంచుకుని చకచకా మెట్లెక్కేసేవాళ్ళం.

ఒకరోజు క్లాసు అయిపోయి దిగుతుంటే లోపల తెల్లచీర కనబడింది. ఆగి చూశాను. రైల్లో కనబడే మా ఊరి అక్క, కౌంటరు ముందు నిలబడి సేటుతో మాట్లాడుతోంది.

"ఇది లేడీస్ ఆడే ఆట కాదమ్మా" అంటున్నాడు సేటు.

"లేడీస్ ఆడే ఆట ఏడున్నదో జెప్పు సేటు, గాడికే పోత."

సేటు తడబడ్డాడు. "అది కాదు సిస్టర్, పోరగాండ్లు ఆటల పడి ఏదేదో మాట్లాడుతరు. మీకే మంచిగుండదు."

"దవాఖానల కట్టు ఇప్పేటప్పుడు మొగోళ్ళు తిట్టే తిట్లు ఎన్నడన్న విన్నవా? నీ పోరగాండ్లకు గందుట్ల సగం గూడ రావు. బిళ్ళ ఇయ్యి."

సేటు బిళ్ళ ఇచ్చాడు. మిషన్‌లో వేసేందుకు ఇత్తడి బిళ్ళలు ఉండేవి. ఆమె దాన్ని పట్టుకుని గుంపు దగ్గరికి నడిచింది. కుర్రాళ్ళు పక్కకు తప్పుకున్నారు. మర్యాదకో, ఆశ్చర్యానికో తెలియదు. ఆమె సంచీలోంచి చిన్న సీసా తీసి, దూది మీద స్పిరిట్ పోసి, స్టిక్కునూ బటన్లనూ శుభ్రంగా తుడిచింది. దుకాణమంతా సూదిమందు వాసన. అప్పుడు కొంగు నడుములో దోపి, సంచీని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని, "ఎవరొస్తరు?" అంది.

ఛాంపియన్ వచ్చాడు.

ఆ ఆట పెద్ద కష్టమైందేమీ కాదు, చూడ్డానికి. తెరమీద ఇద్దరు కరాటేవాళ్ళు. ఒకడు తెల్ల బట్టలు, ఒకడు ఎర్ర బట్టలు. స్టిక్కుతో ముందుకూ వెనక్కూ నడిపించాలి. రెండు బటన్లలో ఒకటి గుద్దు, ఒకటి తన్ను. తెర పైన ఇద్దరికీ చెరో పచ్చగీత. దెబ్బ తగిలినప్పుడల్లా గీత కురచవుతుంది. గీత అయిపోతే మనిషి పడిపోతాడు. మూడుసార్లలో రెండుసార్లు పడేసినవాడిదే గెలుపు.

మొదటిసారి ఆమె మనిషి పడిపోవడానికి పది లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు. ఆమె రెండు బటన్లనూ పిడికిళ్ళతో పిండి దంచినట్టు దంచింది. తెరమీద ఎర్రబట్టలవాడు గాల్లోకి గుద్దులు గుద్దుతూ, కాళ్ళు ఆడిస్తూ ఉండగానే ఛాంపియన్ వచ్చి రెండు తన్నులు తన్నాడు. రెండోసారీ అంతే. గుంపు గుంపంతా పడిపడి నవ్వింది.

నేనైతే ఆ సిగ్గుకు అక్కడే చచ్చిపోయేదాన్ని. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని వాళ్ళను ఓపిగ్గా చూసింది. నవ్వు సద్దుమణిగాక అంది:

"నవ్వుర్రి. నవ్వొద్దంటలేను. కానీ ఎందుకు ఓడిన్నో జెప్పి నవ్వుర్రి."

ఆమె ఛాంపియన్ వైపు తిరిగింది.

"నువ్వు జెప్పు తమ్మీ. నువ్వే గదా కొట్టింది."

ఛాంపియన్ కనుబొమ్మ ఎత్తాడు. తర్వాత చెప్పాడు. "నువ్వు కొడుతనే ఉన్నవక్కా. కాసుకుంటలేవు. స్టిక్కు ఎనుకకు గుంజితె మనోడు చేతులు అడ్డం పెడ్తడు. అప్పుడు దెబ్బ తాకదు."

"గట్లనా!" అంది ఆమె, ఎంతో విలువైనది ఎవరో చేతిలో పెట్టినట్టు. "ఇంకో బిళ్ళ ఇయ్యి సేటు."

ఆ రోజు బండిలో ఆమె పక్కన కూర్చున్నాను. "ఊళ్ళె చెప్తవా?" అని ఆమె అడగలేదు. "రేపు నీ క్లాసు ఎన్నింటికి అయితది?" అని అడిగింది. అప్పటినుంచి క్లాసు కాగానే నేను కిందికి దిగి ఆమె పక్కన నిలబడేదాన్ని. కుర్రాళ్ళు నన్ను టైపు చెల్లె అనడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఒక వారం ఆమె చేసింది చూసి దుకాణంలో అందరూ ఆమెకు మతి పోయిందనుకున్నారు. వారం రోజులూ ఒక్క దెబ్బ కొట్టలేదు. బటన్ల వైపు చెయ్యే పోనివ్వలేదు. స్టిక్కు వెనక్కు గుంజడం, కాసుకోవడం, అంతే. ఎదుటివాడు వంగి తంతే తానూ వంగి కాసుకోవడం. వాడు ఎగిరి వస్తే నిలబడి కాసుకోవడం. మూతి బిగించి లోలోపల "ఆగు, ఆగు, ఆగు" అని గొణుక్కునేది. ఎలాగూ ఓడిపోయేది. కొట్టకుండా ఎవరు గెలుస్తారు?

"ఏందక్కా, దెబ్బలు తినుడే పనా?" అన్నాడొకడు.

"సూది గుచ్చుడు నేర్సుకునేటప్పుడు మాతోని ఎన్ని దినాలు బత్తాయిపండుకు గుచ్చిపిచ్చిన్రో తెల్సా? మనిషిని ముట్టనియ్యలే. పండుకే. గియ్యి నా బత్తాయిపండు దినాలు."

మొదటిరోజు పది లెక్కపెట్టేంతలో పడిపోయిన ఎర్రబట్టలవాడు వారం చివరికి నిమిషం దాకా నిలబడ్డాడు. నిలబడ్డవాడిని పడేయడానికి ఛాంపియన్‌కు చెమటలు పట్టాయి. ఆ రోజు గుంపు నవ్వలేదు. ఓడిపోయాక ఆమె మిషన్ పక్కన అరచేత్తో మెల్లగా రెండుసార్లు తట్టింది, సూది వేశాక పిల్లల చెయ్యి తట్టినట్టు. "అయిపాయె, అయిపాయె" అంది.

రెండో వారం ఒకే ఒక్క తన్ను. వంగి, ఎదుటివాడి కాలిమీద. మిగిలిన దెబ్బలేవీ తనకు లేవన్నట్టే ఆడింది. అదెప్పుడు తగులుతుందో, ఎప్పుడు తగలదో, ఎంత దూరంలో ఉంటే తగులుతుందో, అదొక్కటే చూసుకుంది. కుర్రాళ్ళు కొత్త కొత్త దెబ్బలు చూపించబోయేవారు. "ఉండనియ్యి. గిదయినంక" అనేది.

ఓడినప్పుడల్లా అడగడం మానలేదు. ఎవరి చేతిలో ఓడితే వాళ్ళనే అడిగేది. కొంతమంది చెప్పడానికి ఇష్టపడేవారు కాదు. వాళ్ళను వదిలేది కాదు. "చెప్తె నీకేం తక్కువైతది? రేపు మళ్ళ నన్ను ఓడగొట్టు" అనేది. నెల తిరిగేసరికి ఆ దుకాణంలో ఒక అలవాటు పుట్టింది. గెలిచినవాడు ఓడినవాడికి ఎందుకు ఓడాడో చెప్పాలి. ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు. అదివరకు ఓడినవాళ్ళు మిషన్‌ను తన్ని, తిట్టుకుంటూ పోయేవారు. ఇప్పుడు నిలబడి వినేవారు. ఇంకొకటి కూడా మారింది. ఆమె దూది తీయగానే కుర్రాళ్ళంతా వరసగా అరచేతులు చాచేవారు. తుడిచేది. గోళ్ళు పెంచినవాణ్ణి అక్కడే కోప్పడేది.

ఆమె నాకు చెప్పిన కిటుకు ఒకటుంది. "కొత్తోళ్ళంత వాళ్ళ బొమ్మనే జూస్తరు. నీ బొమ్మను జూసుకుంటె ఏమొస్తది? అది ఏం జేస్తదో నీకెర్కే గదా. ఎదుటోని కాళ్ళు జూడు. కొట్టేటోడు ముందుగాల కాలు కదుపుతడు."

ఒకరోజు బండిలో నేను అడిగేశాను. "అక్కా, గా ఆట ఎందుకంత ఇష్టం నీకు?"

కిటికీలోంచి పెండ్యాల పొలాలు వెనక్కు పోతున్నాయి.

"పొద్దటి సంది నేను ఎవ్వరిని ముట్టుకున్నా నొప్పి పెట్టేందుకే ముట్టుకుంట. సూదో, కట్టో. చిన్న పిల్లలు నన్ను జూస్తెనే ఏడుస్తరు. గాడ పొద్దుగూకేదాక కొట్టుకున్నా ఎవ్వనికి నొప్పి ఉండది." నవ్వి, "ఇంగోటి గూడ ఉన్నది. డాక్టరు జెప్పింది నేను జెయ్యాలె. మేట్రన్ జెప్పింది జెయ్యాలె. ఇంట్ల అన్న జెప్పింది, వదిన జెప్పింది. గాడ నేను ఒత్తుతె వాడు తంతడు. నేను ఒత్తకపోతె ఊకుంటడు. నేను జెప్పినట్టు ఇనేటోడు లోకంల వాడొక్కడే" అంది.

ఈ మాటలు నాకు ఎంత నచ్చాయంటే, ఇంటికి పోయాక నవ్వుతూ మా అమ్మకు చెప్పాను. స్పిరిట్ దూది, బత్తాయిపండు, ఛాంపియన్, అన్నీ చెప్పాను. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు మరునాడు చేదబావి దగ్గరికి పోయింది. అక్కడ అది నవ్వుగా మిగల్లేదు. దవాఖాన సిస్టరు డ్యూటీ పేరు చెప్పి వరంగల్లో మొగపిల్లలతో ఆటలాడుతోందట. వారం తిరిగేసరికి ఆమె అన్న చెవిన పడింది.

అన్న వచ్చాడు. ఆ రోజు ఛాంపియన్‌తో ఆట. ఒక రౌండు ఆమె గెలిచింది, ఒకటి అతను గెలిచాడు. మూడోది నడుస్తోంది. ఇద్దరి పచ్చగీతలూ సగానికి దిగాయి. దుకాణం ఊపిరి బిగబట్టి చూస్తోంది. గుమ్మంలో తెల్లపంచె, భుజాన తువ్వాలుతో ఆయన నిలబడేసరికి ముందుగా చూసింది నేను.

ఆయన గుంపును తోసుకుని వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నడువు ఇంటికి."

ఆమె తల తిప్పలేదు. "జర ఆగన్నా. కొంచెమే ఉన్నది ప్రాణం."

"ఏమన్నవ్?"

"ఈ రౌండు గానీ."

ఛాంపియన్ బెదిరిపోయి స్టిక్కు వదిలేశాడు. తెల్లబట్టలవాడు చేతులు దించి ఊరికే నిలబడ్డాడు. ఆమె కూడా కొట్టలేదు. "నువ్వెందుకు ఆపినవ్? ఆయిన నాకోసం వచ్చిండు. నీకోసం గాదు. ఆడు" అని కసిరింది. అతను మళ్ళీ స్టిక్కు పట్టాడు. అన్న చెయ్యి భుజం మీద అలాగే ఉంది. ఆ చెయ్యి బరువుతోనే ఆమె కాసుకుంది, తన్నింది, మళ్ళీ కాసుకుంది. చివరికి ఒక్క గుద్దు తప్పించుకోలేకపోయింది. ఎర్రబట్టలవాడు పడిపోయాడు.

మిషన్‌ను రెండుసార్లు తట్టి, అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"ఓడిపోతివి గదా. ఇగ నడువు" అన్నాడు అన్న.

"ఓడితె పొమ్మని ఎవరన్నరు? గీడ ఓడినోళ్ళు మళ్ళ ఆడుతరు."

"సిగ్గు లేదా? ఊళ్ళె నా ఇజ్జత్ ఏంగావాలె? మొగోళ్ళ నడుమ నిలవడి..."

"వార్డుల నలభైమంది మొగోళ్ళ నడుమ నిలవడ్డ పన్నెండేండ్ల సంది. అప్పుడు పోని ఇజ్జత్ గీ డబ్బా ముందట పోయిందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇగ జూడు. గిది బంద్ పెడ్తనంటెనే ఇంటికి రా. లేకుంటె ఇయ్యాల్టి సంది నా గడప తొక్కకు."

ఆమె ఆయనను తేరిపార చూసింది. ఎదుటివాడి కాళ్ళు కదులుతాయా అని తెరమీద చూసే చూపు అది.

"సరే" అంది.

"ఏంది సరే?"

"రాను. సరే."

ఆయన ఇది ఊహించలేదు. ఏడుస్తుందనుకున్నాడు, బతిమాలుతుందనుకున్నాడు. చుట్టూ చూశాడు. కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. నేను కనబడ్డాను. "నువ్వు మీ నాయిన ఇజ్జత్ తీస్తున్నవ్ గదా పిల్లా. నడువు బండికి."

నేను నడిచాను. ఆమె వైపు చూడకుండా, ఆయన వెనక నడిచాను. ప్యాసింజరులో ఆయన ఎదుటే కూర్చుని ఘన్‌పూర్ దాకా వెళ్ళాను. ఆయన దారంతా తువ్వాలు కొసను వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నాడు. దిగేముందు, "అన్నం తిన్నదో లేదో" అని ఎవరితోనూ కాకుండా అన్నాడు.

మరునాడు పొద్దున క్లాసు ఎగ్గొట్టి దవాఖానకు పోయాను. రాత్రి నర్సుల గదిలో పడుకుందట. వార్డులో మంచం మంచానికీ తిరుగుతూ సూదులు వేస్తోంది. చీర నలిగి ఉంది. నన్ను చూసి ఆగలేదు. నేను వెనకాలే నడుస్తూ ఏడ్చాను.

"అక్కా, ఊళ్ళె తెల్వడానికి నేనే కారణం. మా అమ్మకు జెప్పిన."

"ఏం జెప్పినవ్?"

"నువ్వు గేమ్ ఆడుతవని."

"ఆడుతనా లేదా?"

"ఆడుతవ్."

"మరేంది? అబద్ధం జెప్పితె ఏడ్వాలె." సూది గాలిలోకి ఎత్తి చూసి, ఒక ముసలాయన చేతికి గుచ్చి, దూది ఒత్తి, అప్పుడు నా వైపు చూసింది. "వాడు నడువంటె నడిచినవ్ జూడు, గది తప్పు. గది ఇంకోపాలి చెయ్యకు. ఇగ మొఖం తుడుచుకొని గా ట్రే అందియ్యి."

క్షమించానని అనలేదు. ట్రే అందించమంది. మధ్యాహ్నం దాకా అందించాను.

ఆ సాయంత్రమే ఆమె మళ్ళీ దుకాణంలో ఉంది. కుర్రాళ్ళు గుసగుసలాడుతుంటే, "ఏంది, ఎవడన్న సచ్చిండా? బిళ్ళ వెయ్యుర్రి" అంది. రెండు రోజుల్లో వరంగల్లోనే మట్టెవాడలో ఒక గది చూసుకుంది. ఒంటరి ఆడదానికి ఇవ్వబోమన్న రెండిళ్ళు దాటి, మూడో ఇంటి ముసలామెతో, "రాత్రిపూట నీకు ఆయాసమొస్తె పక్కనే నర్సుంటది. ఇస్తవా లేదా?" అని అడిగిందట. అలా దొరికింది. ఆ గదిలో ఒక మంచం, ఒక స్టౌ, కిటికీకి ఆమె పాత చీర చింపి కట్టిన తెర. ఐదింటి బండి పట్టుకోవాల్సిన పని లేదు గనుక నన్ను మాత్రం రోజూ స్టేషన్ దాకా దిగబెట్టి వెనక్కి నడిచేది.

ఛాంపియన్‌ను ఆమె గెలిచింది ఆ తర్వాతే. అదృష్టం కాదు. రెండు రౌండ్లూ వరసగా, ఆ ఒక్క కింది తన్నుతోనే. అతను నమ్మలేక, "అక్కా, మళ్ళ ఆడుదాం, మళ్ళ" అని వెంటపడ్డాడు. "ముందుగాల ఎందుకు ఓడినవో ఇను" అని అతనికి చెప్పింది. "నువ్వు నన్ను తొందరగ ముగిద్దామనుకుంటవ్. నాకు తొందర లేదు." ఆ రోజు ఇంకో ఆటకు ఒప్పుకోలేదు. "ఇయ్యాల గెలిచిన. జరసేపు గెలిచినట్టు ఉండనియ్యి" అని నన్ను లాక్కుపోయి గోలీసోడా తాగించింది.

ఏడాది గడిచాక అన్న వచ్చాడు, ఈసారి దవాఖానకు. వదినకు కాన్పు కష్టమైతే జీపులో వేసుకుని తెచ్చాడు. వరండాలో ఆ పంచెతోనే, ఆ తువ్వాలుతోనే నిలబడ్డాడట. ఆమె ఆయనతో ఒక్క మాట మాట్లాడకుండా డాక్టరును పిలిచింది, రక్తం తెప్పించింది, డ్యూటీ దిగినా దిగకుండా వదిన పక్కనే ఉంది. తల్లీ బిడ్డా దక్కారు. మూడోనాడు పిల్లను అన్న చేతుల్లో పెడితే ఆయన అన్న మాటలు, ఆమె చెప్పగా విన్నవి:

"ఇగ ఇంటికి రా చెల్లె."

"వస్త, పోత. ఉండుటానికి రాను. నాకు గది ఉన్నది."

ఆయన చాలాసేపు పిల్ల ముఖమే చూశాడట. తర్వాత గొంతు తగ్గించి, "ఇంక ఆడుతున్నవా గది?" అన్నాడట.

"ఆడుతాన."

"గెలుస్తున్నవా?"

"ఒక్కోపాలి."

ఈ ముక్క చెప్పేటప్పుడు ఆమె నవ్వును ఆపుకోలేకపోయింది. "వానికి గదే కావాలె జూడు. గెలుస్తున్ననా అని!"

ఆ ఎండాకాలంలో సేటు ఫైటింగ్ మిషన్‌ను కరీంనగర్ వాళ్ళకు అమ్మేశాడు. దాని స్థానంలో క్యాసెట్లు అద్దెకిచ్చే బీరువాలు వస్తాయన్నాడు. ఇంకాసేపట్లో వ్యాను వస్తుందనగా అందరం చేరాం. ఆఖరి ఆట నర్సక్కే ఆడాలని కుర్రాళ్ళంతా అన్నారు. ఎదుట తాను ఆడతానని ఛాంపియన్ ముందుకొచ్చాడు. ఆమె అతన్ని పక్కకు జరిపింది.

"టైపు చెల్లె ఆడుతది."

ఏడాదిన్నర పక్కన నిలబడి చూశానే తప్ప నేనెన్నడూ స్టిక్కు ముట్టుకోలేదు. "నాకు రాదక్కా" అన్నాను.

"ముట్టకముందే రాదని ఎట్ల ఎర్కైంది? రా."

పదిమంది కుర్రాళ్ళ మధ్య, చెవులు ఎర్రబడి, నిలబడ్డాను. ఆమె నా అరచేతులను దూదితో తుడిచింది. కొత్తదాన్ననీ, చివరి రోజనీ నన్ను కాస్త చూసీచూడనట్టు ఆడుతుందనుకున్నాను. ఆట మొదలవుతూనే నా మనిషిని కింద పడేసింది. రెండోదీ అంతే.

"జర మెల్లగ ఆడరాదా అక్కా! కొత్తదాన్ని గదా!"

"మెల్లగ ఆడితె మెల్లగ ఆడుడే నేర్సుకుంటవ్. కండ్లు మూస్తున్నవ్ నువ్వు. దెబ్బ వస్తాంటె కండ్లు మూస్తున్నవ్. తెరువు." ఇంకో బిళ్ళ వేసింది.

ఈసారి కళ్ళు తెరిచి ఉంచాను. ఆమె తన్నుతోంది, నేను వెనక్కు గుంజుతున్నాను. మళ్ళీ తన్ను, మళ్ళీ గుంజాను. కుర్రాళ్ళు ఒక్కొక్కరే అరవడం మానేశారు. సేటు కౌంటరు వదిలి వచ్చాడు. బయట వ్యాను హారన్ కొడుతోంది. ఆమె బొమ్మ కాలు ముందుకు జరిగింది. జరిగిందని చూశాను. ఆ క్షణంలోనే గుద్దు బటన్ నొక్కాను.

తగిలింది. ఆమె పచ్చగీత గోరంత కురచైంది.

"కొట్టినవే పిల్లా!" అని ఆమె దుకాణం అదిరిపోయేలా అరిచింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆ సంబరంలో తెరమీంచి చూపు తిప్పి చుట్టూ చూశాను.

అలా తిప్పిన చూపు మళ్ళీ తెర మీదికి వచ్చేసరికి నా మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు.

ఆమె రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. "ఎందుకు ఓడినవో జెప్పాల్నా?"

"చెప్పకు, నాకెర్కే" అన్నాను. "ఇంకో బిళ్ళ వెయ్యి."